పేర్చిన సరుకు, పూసిన గోడ: నీస్ బజారు నేర్పే పాఠము



ఈనాటి ప్రసంగమునకు ఎంచుకొన్న విషయము మీకు కొంత వింతగా తోచవచ్చును. ఎరువులను గురించి గాని, పురుగు మందులను గురించి గాని నేడు మాట్లాడబోవడము లేదు. అంగడిలో సరుకును పేర్చడములోని అందమును గురించి, అట్టి అంగడి చుట్టూ నిలిచిన పాత మేడల రంగులను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. "అందముతో మాకేమి పని? కాటా సరిగా ఉంటే చాలదా?" అని మీలో కొందరు అనుకోవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పడమే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

ఒకే చేనులో, ఒకే ఉదయము కోసిన వంకాయలను ఇద్దరు అన్నదమ్ములు సంతకు తెచ్చారనుకొందాము. అన్న తన బస్తాను గోనెపట్టాపై కుమ్మరించి కూర్చున్నాడు. లేతవి, ముదురువి, పుచ్చులు అన్నీ అందులోనే ఉన్నవి. తమ్ముడు పుచ్చులను చేనులోనే ఏరి పారవేశాడు. లేతవాటిని ఒక గంపలోను, కొంచెము ముదిరిన వాటిని మరొక గంపలోను పెట్టి, తొడిమలన్నీ ఒకే వైపునకు ఉండునట్లు సర్దినాడు. కొనవచ్చిన ఇల్లాలు అన్న రాశి వద్ద ఒక్కొక్క కాయను తిప్పి చూచును, ఏరును, బేరమాడును. తమ్ముని గంప వద్ద ఆమెకు ఏరే పని లేదు. ఏరే పని లేనందుకు ఆమె మరి రెండు రూపాయలు ఇవ్వడానికైనా వెనుదీయదు. సరుకు ఒకటే, శ్రమలో మాత్రమే తేడా. ఆ కొద్దిపాటి శ్రమకే మనము అందమని పేరు పెడుతున్నాము.

ఈ సంగతిని తరతరాలుగా గ్రహించి ఆచరించిన బజారు ఒకటి ఐరోపాలో ఉన్నది. దానిని కొంచెము నిదానముగా చూచి వద్దాము.

నీస్ పట్టణపు బజారు

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ మూలలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఇటలీ సరిహద్దుకు చేరువలో నీస్ అనే పట్టణము ఉన్నది. ఆ పట్టణపు పాత పేటలో, సముద్రమునకు ఒక్క వరుస ఇండ్ల ఎడములో, కూర్ సలేయా అనే పొడుగాటి బజారు ఉన్నది. సోమవారము తప్ప మిగిలిన రోజులలో ప్రతి ఉదయమూ అక్కడ పూలు, పండ్లు, కూరగాయలు అమ్ముతారు. సోమవారము పాత వస్తువుల సంత జరుగును. చారల గుడ్డ పందిళ్ళ క్రింద బల్లలు వేసి, వాటిపై సరుకు పేరుస్తారు. స్వయముగా పండించుకొని తెచ్చిన రైతులూ ఉన్నారు, ఇతరుల వద్ద కొని అమ్మే వ్యాపారులూ ఉన్నారు.

బల్లలపై ఏమేమి ఉండునో చూడండి. ఊదా రంగు ఆర్టిచోకు మొగ్గలు, వెల్లుల్లి జడలు, నిమ్మపండ్లు, చిన్న నల్ల ఆలివు కాయలు, పలు రకముల లేత ఆకుల మిశ్రమము, టమాటాలు, స్ట్రాబెరీ పండ్లు. వీటిలో ముఖ్యముగా గమనించవలసినది మరొకటి ఉన్నది. గుమ్మడి జాతికి చెందిన కూర్జెట్ అనే లేత కాయను అక్కడ కొనకు పువ్వు ఉండగానే అమ్ముతారు. పసుపు పువ్వు, క్రింద లేత ఆకుపచ్చ కాయ. వరుసగా పేర్చినపుడు ఆ బల్ల పూలబల్ల వలె కనబడును.

పువ్వును ఎందుకు ఉంచుతారు? చూపునకు బాగుంటుందని మాత్రమే కాదు. ఆ పువ్వు కోసిన కొద్ది గంటలలోనే వాడిపోవును. కనుక విచ్చిన పువ్వుతో ఉన్న కాయ, "నన్ను ఈ ఉదయమే కోశారు" అని తానే చెప్పుకొనును. అమ్మేవాడు నోరు విప్పనక్కరలేదు. ఫ్రాన్సుకు చెందిన కోర్సికా దీవిలో పండే క్లెమెంటైన్ అనే చిన్న నారింజలను ఆకులతోనే అమ్మడములోని మర్మమూ ఇదే. ఆకు పచ్చగా నిగనిగలాడుతున్నంత వరకు పండు తాజాదని కొనేవానికి తెలియును. మన వంకాయ ముచ్చిక, బెండకాయ తొడిమ చేసే పని కూడ అదే. ముచ్చిక ఆకుపచ్చగా, బిరుసుగా ఉంటే కాయ తాజాది. అది గోధుమ రంగు తిరిగితే కోసి చాల సేపయినదన్నమాట. తొడిమను విరిచివేసిన రైతు తన సరుకుకు గల సాక్షిని తానే పోగొట్టుకొన్నవాడగును.

ఆ దేశపు నిబంధనల ప్రకారము కూరగాయలు, పండ్లు అమ్మే ప్రతి వారును సరుకు పేరు, అది పండిన ప్రాంతము, ధర వ్రాసిన పలకను రాశి వద్ద పెట్టవలెను. తరగతి నిర్ణయించిన సరుకైతే ఆ తరగతిని కూడ వ్రాయవలెను. ధర అడుగుటకు మొహమాటపడే మనిషి కూడ పలకను చూచి దగ్గరకు వచ్చును. మధ్యాహ్నము దాటేసరికి బల్లలు ఎత్తివేసి నేలను శుభ్రము చేస్తారు. తరువాత అదే చోట భోజనశాలల వారు కుర్చీలు వేస్తారు. కుళ్ళిన ఆకు అడుగున తొక్కుడు పడుతూ ఉంటే, పైన ఎంత బాగుగా పేర్చినా అందము నిలువదు గదా!

గోడల రంగులు

ఇక తల పైకెత్తి చుట్టూ ఉన్న మేడలను చూతము. అవి నాలుగైదు అంతస్తుల పాత ఇండ్లు. గోడలకు పసుపు, కాషాయము, ఇటుక ఎరుపు వంటి రంగులు, కిటికీ రెక్కలకు ఎక్కువగా ఆకుపచ్చ. బజారు కొసన ఉన్న పసుపు మేడలో హెన్రీ మాటిస్ అనే జగత్ప్రసిద్ధ చిత్రకారుడు 1921 నుండి 1938 వరకు నివసించినాడు. రంగులే జీవితముగా గడిపిన మనిషి నివాసమునకు ఆ బజారు మొగను ఎంచుకోవడములో ఆశ్చర్యము లేదు.

ఈ రంగులు ఎక్కడివి? మన ఇండ్లకు ఇవి కొత్తవి కావు. సున్నమూ, జాజూ మీకు తెలిసినవే. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినపుడు అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును. దానిని నీటితో విరిచి గోడకు పూసిన తరువాత, అది గాలిలోని అదే వాయువును మరల పీల్చుకొని కొన్ని వారములలో తిరిగి రాయిగా మారును. తడి సున్నములో కలిపిన రంగుమట్టి ఆ రాతి పొరలో బందీ అయి నిలిచిపోవును. ఎండకు, ఉప్పుగాలికి పాత గోడల రంగు అంతకాలము తట్టుకొనుటకు కారణమిదే.

రంగుమట్టి అనగా ఇనుపధాతువు కలిసిన బంకమట్టి. అందులోని ఇనుము నీటి అంశతో కూడి ఉంటే పసుపు రంగు, ఆ నీరు పోతే ఎరుపు. అందుచేత పసుపు మట్టిని కాల్చి ఎర్రమట్టిగా మార్చవచ్చును. ఫ్రాన్సు ఆగ్నేయ భాగములోనే రూసియోన్ అనే గ్రామము వద్ద ఇట్టి మట్టి కొండలున్నవి. 18వ శతాబ్దము చివర నుండి అక్కడ ఆ మట్టిని వ్యాపారముగా తీశారు. త్రవ్విన మట్టిని నీటితో కడిగితే బరువైన ఇసుక ముందు అడుగున దిగిపోవును. సన్నని రంగు నీటితో సాగి తొట్టెలలో చేరి, నిదానముగా పేరుకొనును. దానిని ఎండబెట్టి ముక్కలుగా కోస్తారు. మన పల్లెలలో తెల్లని సున్నపు గోడ క్రింద జాజుతో వేసే ఎర్రని పట్టె కూడ ఈ జాతిదే. అనగా ఆ మేడల శోభకు మూలము బంగారము కాదు, మట్టి. మీ చేలగట్టున దొరికే వస్తువుల వంటివే.

మరొక విషయము. ఇట్టి పాత సున్నపు గోడలపై సిమెంటు గాని, గాలి చొరని ప్లాస్టిక్ రంగు గాని పూస్తే లోపలి చెమ్మ బయటకు పోలేక పెచ్చులు లేచును. గోడను ఊపిరి పీల్చనిచ్చే పూతయే దానికి మేలు. పైకి మెరుపు హెచ్చినంత మాత్రమున లోపలి ఆరోగ్యము హెచ్చదన్నమాట. ఈ మాటను గుర్తుంచుకోండి. కూరగాయల విషయములో మరల దీనితో పని పడును.

రంగు ప్రక్కన రంగు

ఎర్రని గోడకు ఆకుపచ్చ కిటికీ, ఎర్రని టమాటాల ప్రక్కన పచ్చని ఆకుకూర. ఈ రెండూ కంటికి ఒకే విధముగా ఇంపుగా ఉండడము కాకతాళీయము కాదు. దీని కారణమును విడమరచి చెప్పినవాడు మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. పారిసులోని గోబెలిన్ అనే ప్రభుత్వ నేతశాలలో ఆయన 1824 నుండి అద్దకము శాఖకు అధిపతిగా ఉన్నాడు. అక్కడ అద్దిన నల్ల ఉన్ని దారము వెలవెలబోతున్నదని ఫిర్యాదులు వచ్చినవి. పరీక్షించి చూడగా అద్దకములో లోపము లేదు. నలుపు ప్రక్కన వేసిన నీలము, ఊదా రంగుల మూలముగా కంటికి ఆ నలుపు పలుచగా కనబడుతున్నదని ఆయన కనుగొన్నాడు. ప్రక్క ప్రక్కన ఉంచిన రంగులు ఒకదానినొకటి మార్చి చూపునని వివరించుచు 1839లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించినాడు. ఎరుపు ప్రక్కన ఆకుపచ్చ, నారింజ ప్రక్కన నీలము, పసుపు ప్రక్కన ఊదా ఉంచినపుడు రెండును వెలుగును.

రైతుకు దీనితో లాభమేమి? పైసా ఖర్చు లేని లాభము. టమాటాలను క్యారెట్ల ప్రక్కన పోసేకంటె కొత్తిమీర ప్రక్కన పెట్టండి. రెండు రాశులూ మరింత తాజాగా కనబడును. ఇంకొక ముఖ్య విషయము పందిరి గుడ్డ. మన సంతలలో చాలమంది నీలపు ప్లాస్టిక్ పట్టా క్రింద కూర్చుంటారు. నీలపు వెలుతురులో ఎర్రని టమాటా నల్లబడినట్లు, వాడినట్లు కనబడును. మంచి సరుకునకు మనమే చెడ్డపేరు తెచ్చిపెట్టుకొన్నట్లగును. తెల్లని గుడ్డ గాని, పలుచని గోనె గాని నీడకు కట్టుకొంటే ప్రతి కూర తన రంగులో తాను కనబడును.

అందమునకు, మోసమునకు గల తేడా

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. "ఇదంతా కంటిని మభ్యపెట్టడమే కదా?" అని. ఈ సందేహమునకు సూటిగా జవాబు చెప్పుకోవలెను. ఎందుచేతనంటే రైతు పరువు దీనిపైననే ఆధారపడి ఉన్నది.

నీస్ పాత మేడలలో కొన్నిటి గోడలపై లేని కిటికీని ఉన్నట్లుగా చిత్రిస్తారు. రాతి చెక్కడములు ఉన్నట్లు రంగుతో నీడలు దిద్దుతారు. అది బొమ్మ కిటికీ అని దగ్గరకు వెళ్ళిన అందరికీ తెలియును. దానివలన ఎవరి రూకలూ పోవు. పైపొరలో నిగనిగలాడే కాయలు పేర్చి, అడుగున నాసిరకము పోసిన గంప అట్టిది కాదు. అక్కడ దాచినది కొనేవాని డబ్బుతో తేలును. ఇంటికి వెళ్ళి గంప తిరగవేసిన ఇల్లాలు మరునాడు ఆ రైతు ముఖము చూడదు. ఆ ఒక్క రైతునే కాదు, ఆ వరుసలోని రైతులందరినీ అనుమానించును.

ఐరోపా దేశముల సరుకు నిబంధనలలో ఈ విషయమై ఒక చక్కని సూత్రము ఉన్నది. పెట్టెలో కనబడే భాగము లోపలి సరుకంతటికీ సరియైన నమూనాగా ఉండవలెను. తరగతులు మూడు: ఎక్స్‌ట్రా, మొదటి తరగతి, రెండవ తరగతి. ఏ తరగతి సరుకైనను అమ్ముకోవచ్చును గాని, ఒక తరగతి ముసుగులో మరొకటి అమ్మరాదు. మన దేశములోను వ్యవసాయోత్పత్తుల తరగతి నిర్ణయమునకు, ముద్రకు 1937లోనే చట్టము వచ్చినది. అగ్‌మార్క్ ముద్ర దానికి చెందినదే. మన మిరప రైతులు తాలు కాయలను వేరుచేయడము కూడ ఈ సూత్రమునకు లోబడినదే. తాలు కాయకు దాని ధర దానికున్నది. ఎర్రకాయలో కలిస్తే మాత్రము మొత్తము బస్తాను అది తన ధరకు దింపివేయును.

గోడకు గాలి చొరని మెరుపు పూత చేసే కీడును ముందు చెప్పుకొన్నాము. కూరగాయలకు, పండ్లకు కూడ అట్టి పూతలు పూసేవారున్నారు. పచ్చి బఠాణీలకు రంగు కలపడము, బెండకాయలకు నూనె రాయడము, మామిడిని కార్బైడుతో మగ్గబెట్టడము ఇట్టివే. పండ్లను కార్బైడు వాయువుతో మగ్గబెట్టి అమ్మడమును 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. దానికి బదులుగా, తగిన గదులలో 10 లక్షల పాళ్ళ గాలికి 100 పాళ్ళు మించకుండ ఇథిలీను వాయువును వాడుటకు అనుమతి ఉన్నది. కార్బైడు వేసిన పండు పైన పసుపు తిరిగి లోపల పచ్చిగానే ఉండవచ్చును. అది అందము కాదు, అబద్ధము. ఉన్న గుణమును కంటికి కనబడునట్లు చేయడమే అందము.

వంకర దోసకాయ కథ

అందము పేరుతో హద్దు మీరినా నష్టమే. దీనికి ఐరోపాలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1988లో అక్కడి ఉమ్మడి సంఘము దోసకాయలకు తరగతులు నిర్ణయించుచు ఒక నిబంధన చేసినది. పై రెండు తరగతుల దోసకాయలలో ప్రతి 10 సెంటీమీటర్ల పొడవునకు వంపు 10 మిల్లీమీటర్లకు మించరాదు. తిన్నని కాయలు పెట్టెలో ఒద్దికగా ఇముడును, పెట్టెకు ఎన్ని కాయలో లెక్క తెలియును. ఆ మేరకు నిబంధన సబబే. వంకర కాయలను అమ్మరాదని కూడ అది అనలేదు, క్రింది తరగతిలో వేరుగా అమ్మమన్నది. అయినను లోకులు దానిని పరిహాసము చేశారు. రుచిలో లోటు లేని కాయ ఆకారము మూలముగా వెనుకబడుటను తప్పుపట్టారు. చివరకు 2009 జూలై 1 నుండి దోసకాయతో సహా 26 రకముల కూరగాయలు, పండ్లపై అట్టి ప్రత్యేక నిబంధనలను ఎత్తివేశారు. టమాటా, ఆపిలు, ద్రాక్ష మొదలైన 10 రకములకు మాత్రము ఉంచారు.

తరువాత 2014లో ఫ్రాన్సులోని ఒక పెద్ద దుకాణముల సంఘము వంకర టింకర కూరగాయలను ప్రత్యేకముగా ఒక బల్లపై పేర్చి, 30 శాతము తక్కువ ధరకు అమ్మి చూపినది. జనము ఆదరించారు. వంకర క్యారెట్టును దాచలేదు. దానికొక చోటు, దానికొక పలక, దానికి తగిన ధర ఏర్పరచారు.

దీనినుండి మనము నేర్వవలసినది ఇది. ఆకారములో వంకర ఉన్న కాయకు, పుచ్చు ఉన్న కాయకు చాల తేడా ఉన్నది. పుచ్చు కాయను పారవేయవలెను. వంకర కాయను వేరు గంపలో పెట్టి, "రుచికి లోటు లేదు, చూపునకు మాత్రమే తక్కువ" అని చెప్పి, ఒక రూపాయి తగ్గించి అమ్మవలెను. హోటళ్ళవారు, పచ్చళ్ళవారు ఆకారము చూడరు. ఎంతో శ్రమకోర్చి, నీరు పెట్టి పండించిన కాయను ఆకారము బాగులేదని గట్టున పారబోయడము అందము కాదు, అపచారము.

పదిమంది కూడిన అందము

మరల నీస్ మేడల వద్దకు వద్దాము. ఆ రంగుల వరుస ఎవరికి వారు తోచినట్లు పూసుకొన్నందున ఏర్పడినది కాదు. 1860లో ఫ్రాన్సులో కలియక పూర్వము నీస్ సార్డీనియా రాజ్యములో ఉండెడిది. ఆ రాజ్యపు పాలకులు 1832లో నీస్ పట్టణమునకు కొన్సీలియో దోర్నాతో అనే మండలిని ఏర్పాటు చేశారు. దానిని మన భాషలో అలంకరణ మండలి అనవచ్చును. కొత్తగా ఇల్లు కట్టదలచినవారు వీధి వైపు గోడ ఎట్లుండునో పటము గీసి ఆ మండలికి చూపవలెను. వీధుల తీరు, మేడల ముఖముల తీరు మండలి అనుమతితోనే సాగినవి. ఇంటి లోపల ఎవరి ఇష్టము వారిది. వీధి వైపు ముఖము మాత్రము ఊరందరిది. ఒక్క ఇల్లు చూస్తే గొప్ప ఏమీ ఉండదు, వరుస చూస్తే కన్ను తిప్పుకోలేము.

సరుకు విషయములోను ఇంతే. ఒక్క రైతు తరగతులు చేసి తెస్తే కొనేవారు నలుగురు మెచ్చుకొంటారు. ఒక ఊరి రైతులు పదిమంది కూడి ఒకే కొలత పెట్టుకొంటే ఆ ఊరి సరుకుకే పేరు వచ్చును. "ఫలానా ఊరి బెండకాయలా? చూడనక్కరలేదు, తూకము వేయండి" అనిపించుకోవడముకంటె రైతుకు కావలసినదేమి? పదిమందిలో ఒక్కడు గంప అడుగున పుచ్చులు పెడితే ఆ పేరు పోవును. అందుచేత కట్టుబాటు పదిమందిదీ కావలెను. రైతు ఉత్పత్తిదారుల సంఘములు గల ఊళ్ళలో ఈ కట్టుబాటు చేసికొనుట సులభము.

మనము చేయదగినది

ఆంధ్ర దేశములో 1999 జనవరిలో రైతు బజారులు మొదలైన నాటినుండి రైతు కొనేవానికి ఎదురుగా నిలిచి అమ్ముకొనే అవకాశము పెరిగినది. కొనేవాడు ఎదుట ఉన్నపుడు అతని కన్నే మొదటి కాటా. అందుచేత ఈ క్రింది విషయములను ఆచరించి చూడవలెనని నా మనవి.

మొదటిది, కోత. తెల్లవారుజామున గాని, సాయంత్రము చల్లబడినాక గాని కోయవలెను. కోసిన వెంటనే చెట్టు నీడకు చేర్చవలెను. ఎండలో గంటసేపు ఉన్న సరుకును ఎంత పేర్చినా కళ రాదు. బెండకాయలు కోసేవారు చేతులకు తొడుగులు వేసికొంటే కాయపై నూగు చెదరక, నల్ల మచ్చలు పడవు.

రెండవది, ఏరుట. పుచ్చులు, పగుళ్ళు, కుళ్ళు ఉన్నవాటిని చేనులోనే తీసివేయవలెను. వాటిని బజారు వరకు మోయుటకు కూలి, కిరాయి రెండూ దండుగ. తరువాత మిగిలినవాటిని పరిమాణమును, పక్వమును బట్టి రెండు తరగతులు చేస్తే చాలును. ఎక్కువ తరగతులు చేస్తే శ్రమ పెరుగును గాని ధర పెరుగదు.

మూడవది, పేర్చుట. టమాటాలను లోతైన గంపలో కాక లోతు తక్కువ క్రేటులో పోయవలెను. పై బరువుకు అడుగువి చిట్లకుండును. కాకరకాయలను ఎత్తుగా కుప్ప పోస్తే పైబుడిపెలు నలిగి నల్లబడును. మునగకాయలను పొడవు సరిచూచి కట్టలు కట్టవలెను. ఆకుకూరల కట్టలపై శుభ్రమైన నీరు చిలుకరించవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, బెండలపై చిలుకరించరాదు.

నాలుగవది, పలక. సరుకు పేరు, ఊరి పేరు, ధర సుద్దముక్కతో వ్రాసి నిలబెట్టవలెను.

ఐదవది, లెక్క. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఊహకు ఒక లెక్క చూతము. 100 కిలోల టమాటాలను కలగలుపుగా కిలో 20 రూపాయలకు అమ్మితే 2,000 రూపాయలు వచ్చును. వాటిని ఏరి, 60 కిలోలు 26 రూపాయల చొప్పున, 30 కిలోలు 18 చొప్పున, మిగిలిన 10 కిలోలు 8 చొప్పున అమ్మితే 2,180 రూపాయలు. ఏరినందుకు కూలి 120 పోగా నికరము 2,060. అనగా 60 రూపాయలు లాభము. కాని మొదటి తరగతికి 24 రూపాయలే పలికితే మొత్తము 2,060, కూలి పోగా 1,940. అప్పుడు 60 రూపాయలు నష్టము. కనుక ఏరినంత మాత్రమున ప్రతిసారీ లాభము వచ్చునని నేను చెప్పను. మంచికి వేరు ధర పెట్టని చోట, గుత్తగా బేరమాడే చోట పూర్తి తరగతులు చేయుట దండుగే కావచ్చును. అక్కడ పుచ్చులు మాత్రము తీసివేసి పంపవలెను. కన్ను చూచి కొనే చోట, అనగా రైతు బజారులో, సంతలో, ఇంటింటి అమ్మకములో, శ్రమకు ఫలితము కనబడును. మీ లెక్క మీరే ఒక వారము వ్రాసి చూచుకోండి.

ఆరవది, మాట. పైన ఉన్నదే అడుగునా ఉండవలెను. "అమ్మా, గంప తిరగవేసి చూచుకోండి" అని అనగలిగిన రైతు వద్ద బేరము త్వరగా తెగును. ఒక గుప్పెడు కొసరు వేసి పంపితే ఆ ఇల్లాలు రేపు మరొకరిని వెంటబెట్టుకొని వచ్చును.

రైతు సోదరులారా! నీస్ బజారును మనము అట్లే తెచ్చి ఇక్కడ నిలబెట్టనక్కరలేదు. ఆ సముద్రము, ఆ మేడలు వారివి. మన కూరలు, మన సంతలు మనవి. కాని మట్టిని కడిగి, ఇసుకను దింపి, రంగును తీసి గోడకు పూసినవారి ఓర్పు మనకు కొత్త కాదు. చేనులో కలుపును ఏరే చేతులే గంపలో కాయను ఏరవలెను. పండించుట సగము పని. పండించిన దాని గుణము నలుగురి కంటికి కనబడునట్లు చేయుట మిగిలిన సగము. ఆరు నెలల శ్రమను చివరి అరగంటలో గోనెపట్టాపై కుమ్మరించి చులకన చేసికోకండి.

వచ్చే సంతకు వెళ్ళేటప్పుడు ఒక్క గంపనైనా ఈ విధముగా సర్ది చూడండి. ప్రక్కన మీ మామూలు రాశినే ఉంచండి. కొనేవారు ముందు ఎటు వంగి చూస్తారో మీరే గమనించండి.